శివారు విచారణ చరిత్ర ఎలా రాయాలి? గుణదల నుంచి హైదరాబాద్ బయటి కాలనీల దాకా

శివారు జోజి:
అందరికీ వందనాలు. హైదరాబాద్ ఉత్తర శివారులో ఉన్న మా కతోలిక విచారణకు (అంటే ఒక గురువు, ఫాదర్ గారు, చూసుకునే గుడి, దాని పరిధిలోని జనం) వచ్చే ఏడాది రజతోత్సవం. ప్రత్యేక సంచిక వేయాలని సలహా సంఘం తీర్మానించింది. చరిత్ర వ్యాసం రాసే పని నా నెత్తిన పడింది.

చేతికి అందిన పాత ముసాయిదా చూస్తే నీరసం వచ్చింది. ఫలానా ఏడు శంకుస్థాపన, ఫలానా ఏడు ప్రతిష్ఠ, ఆపైన విచారణ గురువుల పేర్లు వరుసగా. ఒక్కొక్కరి పేరు ఎదుట "వీరి కాలంలో ప్రహరీ గోడ నిర్మింపబడినది", "వీరి కాలంలో గంట గోపురం నిర్మింపబడినది" అని ఒక వాక్యం. గోడలు లేచాయి, సంతోషం. ఆ గోడల మధ్య మోకరించే జనం ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో ఒక్క ముక్క లేదు.

మా గుడి నోటీసు బోర్డు చదివితేనే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. ఆదివారం పొద్దున ఆరింటికి తెలుగు పూజ, ఏడున్నరకు ఇంగ్లీషు, తొమ్మిదింటికి మళ్ళీ తెలుగు, ఆ తర్వాత పిల్లలకు సత్యోపదేశం. నెలకొక ఆదివారం సాయంత్రం తమిళం. దాని కింద మలయాళం పూజ వేళ ఉండేది, ఇప్పుడు ఆ గడి మీద తెల్ల కాగితం అంటించారు. కాగితం చివర లేచి కింది అక్షరాలు సగం కనిపిస్తుంటాయి.

మా అమ్మమ్మ గారిది గుణదల. అదీ ఒకప్పుడు బెజవాడ బయటి పల్లే కదా. పల్లె శివారై, శివారు నగరంలో కలిసిపోయిన విచారణ కథ తెలిసినవారు చెబితే మాకు దారి దొరుకుతుంది.

కాలువగట్టు మాస్టారు:
జోజి బాబూ, మా ఊరి పేరు ఎత్తావు కాబట్టి నన్ను ఆపడం కష్టం.

మొదట ఒక సంగతి. మా కృష్ణా జిల్లా ఒకప్పుడు హైదరాబాద్ మేత్రాసనం (ఒక పీఠాధిపతి, అంటే బిషప్, చూసుకునే ప్రాంతం) కింద ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. పైన రాజ్యం నిజాం గారిది, ఇక్కడ దొరల ప్రభుత్వం. గురువులు మాత్రం ఒకే పీఠం మనుషులు, ఇటలీలోని మిలాను నుంచి వచ్చిన మిషనరీలు. వాళ్ళు 1855లో హైదరాబాద్‌లో అడుగుపెట్టి, క్రమంగా ఇటు కోస్తా వైపు కూడా పని సాగించారు. బెజవాడ విడి మేత్రాసనం అయింది 1937లో. ఊరి పేరు మారాక 1950లో అది విజయవాడ మేత్రాసనమైంది.

గుణదల అంటే అందరికీ కొండ మీది మరియమాతే గుర్తుకు వస్తుంది. నేను మాత్రం కథను కొండ కింద మొదలుపెడతాను. ముందు వచ్చింది పునీత జోజప్ప (సెయింట్ జోసెఫ్) గారి పేరిట అనాథ పిల్లల ఆశ్రమం. దాని బాధ్యత చూస్తున్న గురువు అర్లాటి గారు 1924లో కొండ మీద గుహలాంటి చోట లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. పిల్లల అన్నం, చదువు, చేతిపని ముందు. మాత గుహ తర్వాత. 1933లో క్రీస్తు రక్షణ కార్యానికి 1900 ఏళ్ళు నిండిన జూబిలీ సందర్భంగా కొండ కొసన సిలువ నాటారు. కొండ కింద పెద్ద దేవాలయం పూర్తయ్యేసరికి 1971 వచ్చింది. అంటే మాతను నిలిపిన నాటికీ ఈ కట్టడానికీ మధ్య దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది. నువ్వు చూసిన ముసాయిదా పద్ధతిలో రాస్తే ఈ అర్ధ శతాబ్దం "ఏమీ కట్టని కాలం" అవుతుంది. ఊరు పెరిగిందంతా ఆ కాలంలోనే!

ఏలూరు కాలువ పక్కన, రైలు పట్టాల పక్కన ఉన్న పల్లె మాది. 1953 చివర్లో ఏసు సభ (జెసూట్) గురువులు ఆంధ్ర లయోలా కళాశాల మొదలుపెట్టారు, 1962లో ఆడపిల్లలకు మేరిస్ స్టెల్లా కళాశాల వచ్చింది. అధ్యాపకులు వచ్చారు, వసతి గృహాల వంటవాళ్ళు వచ్చారు, పిల్లల చదువు కోసం డెల్టా పల్లెల నుంచి కుటుంబాలు దిగాయి. వాళ్ళలో కతోలికులు కొందరే, కానీ ఆ కొందరితోనే ఆదివారం పూజ నిండింది.

లయోలా పాతవిద్యార్థి:
మాస్టారూ, నేను హిందువును. చదివింది లయోలాలో. మీరు కొండను తక్కువ చేస్తున్నారేమో అనిపిస్తోంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఆ తిరునాళ్ళు చూసినవాడు ఎవడైనా గుణదల పెరిగింది కళాశాల వల్ల అనగలడా? లక్షల జనం. మా ఇంట్లో మా నాయనమ్మ కనకదుర్గమ్మకు మొక్కుకున్నట్టే గుణదల మేరీమాతకూ మొక్కుకునేది. ఏటా కొబ్బరికాయ కొట్టి వచ్చేది. తలనీలాలు ఇచ్చేవాళ్ళ వరుస నా కళ్ళారా చూశాను.

కాలువగట్టు మాస్టారు:
తక్కువ చేయడం లేదు బాబూ. మూడు రోజుల జనం వేరు, మిగతా ఏడాది జనం వేరు అంటున్నాను. తిరునాళ్ళకు వచ్చినవాళ్ళు పుణ్యక్షేత్రాన్ని పెంచారు. చెరువు ఎండినా, జీతం ఆగినా ప్రతి ఆదివారం వచ్చినవాళ్ళు విచారణను పెంచారు. రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నంత మాత్రాన ఒకే చరిత్ర కాదు.

ఇంకొకటి. ఫిబ్రవరి 11 లూర్దులో మరియమాత 1858లో మొదటిసారి దర్శనమిచ్చిన రోజు, అందుకే ఆ తేదీ. కానీ అది మన రైతుకు భలే కలిసివచ్చింది. సంక్రాంతి దాటింది, వరి ఇంటికి చేరింది, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, ఎండలు ఇంకా ముదరలేదు. ఆ పండుగ జూలైలో వచ్చి ఉంటే నాట్లు వదిలి బండి కట్టుకుని ఎవరొచ్చేవారు?

గంటస్తంభం:
కొబ్బరికాయలు, గుండ్లు, మెట్లకు పసుపు కుంకుమ. ఇదంతా కతోలిక ఆచారమేనా అని అడిగితే ఇక్కడ కోపాలు వస్తాయా?

రెంటచింతల ఆడపడుచు:
రావు లెండి. మా పల్నాడు విచారణల్లో తేరు ఊరేగింపు, డప్పులు, సన్నాయి లేకుండా పండుగ జరగదు. తెలుగునాట శ్రీసభ (కతోలిక సంఘం) మొన్న ఇటలీ నుంచి దిగుమతి అయినది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఏసు సభ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో రాయలసీమలో పనిచేశారు. అక్కడి కుటుంబాలు కరువులకూ దండయాత్రలకూ కదిలి గుంటూరు వైపు వచ్చాయి. ఫిరంగిపురం లాంటి ఊళ్ళు అలాగే కతోలిక ఊళ్ళయ్యాయి. వాళ్ళు వస్తూ వస్తూ తమ పండుగ పద్ధతులనూ తెచ్చుకున్నారు. గురువుగారు ఏడాదికొక్కసారైనా రాని కాలంలో ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి, జపమాల, తేరు, ఇవే వాళ్ళ విశ్వాసాన్ని నిలబెట్టాయి.

జోజి గారూ, మీ శివారులో మా పల్నాటి ఇంటిపేర్లు తప్పకుండా ఉంటాయి, వెతకండి. నాగార్జునసాగర్ కాలువలు రాకముందు తెలంగాణ వైపు భూములు చౌక అని వెళ్ళినవాళ్ళ మనవలు ఇప్పుడు మీ దగ్గర ఫ్లాట్లు కొనుక్కున్నారు.

పాతరిజిస్టరు:
అసలు విషయానికి వద్దాం. జోజి గారు అడిగిన "జనం ఎక్కడి నుంచి వచ్చారు" అన్న ప్రశ్నకు జవాబు మీ గుడి బీరువాలోనే ఉంది. నేను కొంతకాలం విచారణ కార్యాలయంలో పుస్తకాలు రాశాను కాబట్టి చెబుతున్నాను.

శ్రీసభ చట్టం 535వ నిబంధన ప్రకారం ప్రతి విచారణలో జ్ఞానస్నానాల, వివాహాల, మరణాల పుస్తకాలు ఉండి తీరాలి. అందులో అసలు నిధి జ్ఞానస్నానాల పుస్తకం. పెద్ద సైజు, అట్ట మీద నీలి గుడ్డ, అడ్డంగా రెండు పేజీలు కలిపి ఒకే వరుస. వరుస సంఖ్య, పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, పేరు, తల్లిదండ్రులు, వాళ్ళ ఊరు, జ్ఞాన తల్లిదండ్రులు, గురువు సంతకం. అన్నిటికంటే చివర "గమనికలు" అనే గడి. చాలామంది దాని వైపు చూడరు. నన్నడిగితే చరిత్ర ఆ గడిలోనే ఉంది.

ఎందుకంటే, ఇక్కడ జ్ఞానస్నానం పొందిన పిల్ల పెరిగి ఇంకెక్కడో పెళ్ళి చేసుకుంటే, పెళ్ళి చేసిన విచారణ ఆ కబురు ఇక్కడికి పంపాలి. దాన్ని ఆ పిల్ల పేరు ఎదుట గమనికల్లో రాయాలి. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), గురుపట్టం, మఠ వాగ్దానం, అన్నీ అక్కడే చేరతాయి. పాత విచారణలో పుస్తకం తిరగేస్తే ఒకే పేజీలో బొంబాయి, ఖరగ్‌పూర్, సికింద్రాబాద్, దుబాయ్ కనిపిస్తాయి. ఊరి నుంచి ఎవరు ఎటు వెళ్ళారో అంతకంటే నిక్కచ్చిగా చెప్పే కాగితం మరొకటి లేదు.

మీది కొత్త విచారణ కాబట్టి, ఎటు వెళ్ళారని కాక ఎక్కడి నుంచి వచ్చారని చదవాలి. "తల్లిదండ్రుల ఊరు" గడి చూడండి. మొదటి ఐదేళ్ళు ఏ జిల్లాలు, తర్వాతి పదేళ్ళు ఏ జిల్లాలు అని కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోతే మీ వ్యాసం సగం రాసినట్టే. వివాహాల పుస్తకం దానికి తోడు. పెళ్ళికి ముందు జ్ఞానస్నాన ధ్రువపత్రం తెప్పిస్తారు కదా, ఆ పత్రాల కట్ట పారేయకుండా ఉంటే ఏ ఊరి గుడి ముద్ర ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీయవచ్చు.

ఫాతిమానగర్:
పాతరిజిస్టరు గారి మాటకు మా కాజీపేట సాక్ష్యం. మా పాత పుస్తకాల్లో లాటిన్ రాత ఉంటుంది. పిల్లవాడి పేరు "యోసేఫుస్", తండ్రి వృత్తి గడిలో మాత్రం ఫైర్‌మ్యాన్, గార్డు, ఫిట్టర్. రైలు జంక్షన్ ఊరు మరి. ఆంగ్లో ఇండియన్లు, తమిళులు, గుంటూరు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, అందరూ ఆ పేజీల్లో పక్కపక్కనే ఉంటారు.

వరంగల్ మేత్రాసనం 1952లో వచ్చింది. మొదటి పీఠాధిపతి బెరెట్టా గారు, ఆయన కూడా మిలాను మిషనరీయే. ఇప్పుడు ఫాతిమానగర్ అంటే హనుమకొండకూ కాజీపేటకూ మధ్య నిండా ఇళ్ళున్న చోటు. ప్రధానాలయం, బడులు, ఆసుపత్రి, మఠాలు ముందు లేచి, వాటి చుట్టూ కాలనీలు అల్లుకున్నాయి. బడి ముందు, బస్తీ తర్వాత అన్న మాస్టారి సూత్రం మా దగ్గరా సరిపోయింది.

శివారు జోజి:
మా దగ్గర మాత్రం తిరగబడింది మాస్టారూ. బస్తీ ముందు, గుడి తర్వాత. మొదట్లో ఎవరింటి డాబా మీదనో పూజ జరిగేదని పెద్దలు చెబుతారు. ఆ తర్వాత సిస్టర్ల బడిలో, తరగతి గది బల్లలు వెనక్కి జరిపి. స్థలం దొరికింది చాలా ఆలస్యంగా.

కాలువగట్టు మాస్టారు:
అదే రాయి బాబూ. ఆ డాబా ఎవరిదో, బల్లలు ఎవరు జరిపేవారో రాయి.

బాలానగర్ పాతకాపు:
హైదరాబాద్ శివార్ల సంగతి నేను కొంచెం చెబుతాను, జోజి గారికి పనికొస్తుంది.

ఈ జంటనగరాల్లో పేరున్న పాత గుడి సికింద్రాబాద్ మరియమాత దేవాలయం, 1850 నాటిది. 2008లో దానికి బసిలికా హోదా (పోపుగారు ఇచ్చే ప్రత్యేక గౌరవం) వచ్చింది. ఇప్పుడు నగరం నడిబొడ్డు, అప్పుడో? చార్మినార్ ఊరికి దూరంగా ఉన్న కంటోన్మెంటు, అంటే శివారే! పటాలంలోని ఐరిష్ సిపాయిల కోసం వచ్చిన ఐరిష్ గురువు డేనియల్ మర్ఫీ గారి చొరవతో లేచిన గుడి అది. 1851లో హైదరాబాద్ వేరుపడినప్పుడు ఆయనే మొదటి అధిపతి. తర్వాత ఆయన ఆస్ట్రేలియా దగ్గరి టాస్మేనియాకు వెళ్ళి హోబర్ట్ అగ్రపీఠాధిపతి అయ్యారు. మన ఎండలు తట్టుకున్న మనిషికి ఆ చలి ఎలా ఉందో!

నగరం లోపల, గన్‌ఫౌండ్రీ దగ్గర జోజప్ప గారి ప్రధానాలయానికి 1870లో పునాది వేశారు. 1875 క్రిస్మస్‌కు పూజ మొదలైంది. ఆ తర్వాత విచారణలు రైలు వెంట నడిచాయి. మెట్టుగూడ, లాలాగూడ, మౌలాలి, అన్నీ రైల్వే క్వార్టర్ల జనం.

1960ల్లో కథ మారింది. రామచంద్రాపురంలో భెల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, 1967లో ఈసీఐఎల్. సర్కారు కర్మాగారాలు వచ్చాయి, టౌన్‌షిప్పులు వచ్చాయి. కేరళ, తమిళనాడు, కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగులు దిగారు. ఆదివారం వస్తే కంపెనీ బస్సులో సికింద్రాబాద్ దాకా పోయేవారు, లేదా కమ్యూనిటీ హాలులో పూజ పెట్టించుకునేవారు. నెమ్మదిగా అవే ఉపవిచారణలయ్యాయి, ఆపైన విచారణలయ్యాయి. మూడో అల సాఫ్ట్‌వేర్ వాళ్ళది. 2007లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి మహానగర పాలక సంస్థ చేసేనాటికే శివారు గుళ్ళలో ఆదివారం నిలబడే చోటు లేదు.

కాబట్టి జోజి గారూ, పీఠాధిపతుల పేర్లు కాక, రైలు, ఫ్యాక్టరీ, కంప్యూటర్ అని మూడు అధ్యాయాలు వేసుకోండి.

రెంటచింతల ఆడపడుచు:
నాలుగోది మరిచిపోయారు. ఇంటిపని, ఆసుపత్రి పని, కట్టుబడి పని చేసే ఆడవాళ్ళు, మగవాళ్ళు. ఆరింటి తెలుగు పూజకు వచ్చేది వాళ్ళే, ఏడు గంటలకల్లా పనిలో ఉండాలి కాబట్టి. సంచికల్లో వాళ్ళ ఫోటోలు ఉండవు. తొమ్మిదింటి పూజకు కారులో వచ్చినవాళ్ళవి ఉంటాయి.

బాలానగర్ పాతకాపు:
నిజమేనమ్మా. ఆ నర్సులను నేను మరిచిపోకూడదు, సగం విచారణ వాళ్ళ చందాలతోనే నడిచింది.

గంటస్తంభం:
అందరూ మర్యాదగా దాటేస్తున్న మాట ఒకటి ఉంది. కులం. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారని రాస్తూ, ఏ పేట నుంచి వచ్చారో రాయకపోతే అది చరిత్ర ఎలా అవుతుంది? తెలుగు కతోలికుల్లో దళితులు ఎంతమందో అందరికీ తెలుసు. సలహా సంఘాల్లో ఎంతమందో కూడా తెలుసు. శ్మశానంలో గోడలు కట్టిన ఊళ్ళున్నాయి. 2022 ఆగస్టు 27న మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంథోని గారు కార్డినల్ అయ్యారు, తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఆ రోజు టపాసులు కాల్చిన విచారణలే సంచికలో కులం అన్న మాట రానివ్వవు.

ఫాతిమానగర్:
గంటస్తంభం గారి మాట కటువుగా ఉన్నా కాదనలేను. మా తాతల కాలంలో గుడిలో కూర్చునే వైపులు వేరుగా ఉండేవి. అది చెప్పకుండా ఐకమత్యం గురించి రాస్తే ముసలివాళ్ళు చదివి నవ్వుకుంటారు.

పాతరిజిస్టరు:
రాయాలి, కానీ ఎలా రాయాలో జాగ్రత్త. రిజిస్టరు చేతికి వచ్చింది కదా అని పేర్లతో సహా అచ్చు వేయవద్దు. కారణం వినండి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు ఈనాటికీ లేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులను బీసీ-సీలో పెట్టి ఒక శాతం ఇచ్చారు. అందువల్ల ఎన్నో కుటుంబాల్లో బడి రికార్డులో ఒక పేరు, జ్ఞానస్నానాల పుస్తకంలో ఇంకో పేరు. మీ రజతోత్సవ సంచికలో అచ్చయిన ఒక్క వరుస ఎవరిదో ఉద్యోగానికి ఎసరు పెట్టవచ్చు. బతికి ఉన్న మనిషి జ్ఞానస్నానం అతని సొంత విషయం.

సంఖ్యలు వేయండి, జిల్లాలు వేయండి, వృత్తులు వేయండి. వివక్ష జరిగి ఉంటే, చెప్పడానికి ఇష్టపడే పెద్దల మాటల్లోనే వేయండి. పుస్తకంలోని పేరూ ఊరూ మాత్రం వద్దు.

గంటస్తంభం:
ఇదే సాకుతో ఎప్పటికీ ఏమీ రాయరు.

పాతరిజిస్టరు:
సాకు కాదు, అలా ఉద్యోగం పోగొట్టుకున్న కుటుంబాన్ని చూశాను. అయినా మీ మాట సగం ఒప్పుకుంటాను. సలహా సంఘం సభ్యుల జాబితా రహస్యం కాదు, అది వేయవచ్చు. చదివేవాళ్ళే లెక్క వేసుకుంటారు.

లయోలా పాతవిద్యార్థి:
బయటివాడిగా ఒక సందేహం. మొదటి పోస్టులో మలయాళం పూజ గడి మీద తెల్ల కాగితం అంటించారన్నారు. ఎందుకు? గొడవ పడ్డారా?

మియాపూర్ మలయాళీ:
గొడవ కాదు సర్, నేను చెబుతాను. మా అమ్మానాన్నలు కోట్టయం వైపువాళ్ళు, నేను పుట్టింది ఇక్కడే, మలయాళం కంటే తెలుగే బాగా వచ్చు.

మేము కూడా కతోలికులమే, పోపుగారి కిందివాళ్ళమే, కానీ సీరో మలబార్ సంప్రదాయం వాళ్ళం. పూజాక్రమం వేరు, పీఠాధిపతులు వేరు. ఎవరు ఏ సంప్రదాయమన్నది ఇల్లు ఏ వీధిలో ఉందో చూసి నిర్ణయించరు, పుట్టిన కుటుంబాన్ని బట్టి వస్తుంది. ఏళ్ళ తరబడి హైదరాబాద్‌లో మావాళ్ళు లాటిన్ సంప్రదాయపు, అంటే మీలాంటి విచారణల్లోనే ఉన్నారు. పిల్లల జ్ఞానస్నానాలు అక్కడే, పెళ్ళిళ్ళు మాత్రం కేరళలో. 1999లో ఆదిలాబాద్‌లో మా సంప్రదాయానికి మేత్రాసనం వచ్చింది. 2017 అక్టోబరులో పోపు ఫ్రాన్సిస్ గారు శంషాబాద్ కేంద్రంగా ఇంకొకటి స్థాపించారు. అంతకుముందు మాకు మేత్రాసనం లేని భారతదేశపు ప్రాంతాలన్నీ దాని కిందికి వచ్చాయి. నగరాన్ని ఆనుకుని విమానాశ్రయం ఉన్న శంషాబాద్ పేరు మీద దేశమంత మేత్రాసనం! మొదటి అధిపతి రఫాయేల్ తట్టిల్ గారు 2024 జనవరిలో మా సంప్రదాయానికంతటికీ పెద్ద అయ్యారు.

ఆ తర్వాత మా విచారణలు విడిగా వచ్చాయి. జోజి గారి గుడి నుంచి మలయాళీ కుటుంబాలు అటు వెళ్ళి ఉంటాయి. అందుకే ఆ కాగితం. వెళ్ళడం అందరికీ తేలిక కాలేదు. మా అమ్మ పాత గుడిలో పాతికేళ్ళు పాటల బృందంలో ఉంది, ఇప్పటికీ మరియమాత తెలుగు పాటలే కూనిరాగం తీస్తుంది. ఇంకొకవైపు, మా సొంత పూజాక్రమం మా పిల్లలకు తెలియకుండా పోతోందన్న బాధ కూడా నిజమే.

శివారు జోజి:
మీరు చెప్పాక ఆ తెల్ల కాగితం వెనక ఇంత కథ ఉందని తెలిసింది. మా ముసాయిదాలో దీనికి "కొన్ని కుటుంబాలు ఇతర విచారణలకు తరలి వెళ్ళినవి" అని ఒకే వాక్యం. ఆ కుటుంబాల వాళ్ళనూ రజతోత్సవానికి పిలవాలని సంఘంలో పెడతాను.

మియాపూర్ మలయాళీ:
పిలవండి. మా అమ్మ తప్పకుండా వస్తుంది, పాడమంటే ఇంకా సంతోషం.

నిర్వాహకుడు:
చర్చ బాగుంది. ఒక్క మనవి: బతికి ఉన్న గురువుల గురించీ, ఫలానా విచారణ లెక్కల గురించీ ఆరోపణలు పెట్టవద్దు. అలాంటి రెండు పోస్టులు తొలగించాను.

బాలానగర్ పాతకాపు:
లెక్కలు అంటే గుర్తొచ్చింది. జోజి గారూ, స్థలం కథ తప్పకుండా రాయండి. శివారు విచారణకు అసలు పరీక్ష అదే. గుడి కట్టాలంటే పీఠాధిపతి రాతపూర్వక అనుమతి కావాలి, పురపాలక అనుమతి కావాలి. కొత్త విచారణను స్థాపించడం పీఠాధిపతి చేతిలోనిదే అయినా, గురువుల మండలిని సంప్రదించాకే చేయాలని 515వ నిబంధన. ఇదంతా తేలేలోపు గజం ధర ఎక్కడికో పోతుంది. చాలాచోట్ల సిస్టర్లు ముందుచూపుతో బడికి కొన్న స్థలంలోనే ఒక మూల గుడికి ఇచ్చారు. వాళ్ళ పేర్లు శిలాఫలకం మీద ఉండవు. ఫలకం మీద ప్రారంభించినవాళ్ళవి ఉంటాయి.

రెంటచింతల ఆడపడుచు:
ఇది నేను చెప్పాల్సిన మాట, మీరే చెప్పారు. మా గుంటూరు వైపు 1904లో హాలండు నుంచి జేఎంజే (యేసు, మరియ, జోజప్పల పేరిటి మఠం) సిస్టర్లు వచ్చారు. ఆసుపత్రి, బడి, ప్రసూతి, అన్నిట్లో ముందు నిలిచింది వాళ్ళే. ఆడవాళ్ళ వార్డు నుంచి మొదలైన విచారణలు ఎన్నో ఉన్నాయి. గురువుల జాబితా వేసేటప్పుడు పక్క పేజీలో సిస్టర్ల జాబితా కూడా వేయండి. ఉపదేశుల జాబితా అంతకంటే ముందు వేయండి, వాళ్ళకు పింఛను కూడా లేదు.

కాలువగట్టు మాస్టారు:
ఇక నా చివరి సలహా. మీ విచారణ మొదటి తరం ఇంకా బతికే ఉంది, అది మీ అదృష్టం. గుణదలలో 1924 నాటి మనిషి ఒక్కడూ ఇప్పుడు లేడు. అర్లాటి గారి గురించి మేము చెప్పేదంతా విన్నదే. మా నాన్న లాటిన్ పూజ రోజుల గురించి చెప్పేవారు. గురువుగారు గోడ వైపు తిరిగి ఏదో చదువుతుంటే, జనం వెనక కూర్చుని ఎవరి జపమాల వాళ్ళు చెప్పుకునేవారట. 1960ల్లో పీఠాధిపతులంతా కూడిన వాటికన్ సభ తర్వాత తెలుగులో పూజ మొదలైనప్పుడు కొందరు ముసలమ్మలకు నచ్చలేదట, "మనకు అర్థమయ్యే మాటల్లో దేవుడితో మాట్లాడితే మర్యాద ఏముంది" అన్నారట. ఇలాంటి మాటలు ఏ రిజిస్టరులోనూ దొరకవు. ఫోను తీసుకుని ఇంటింటికీ వెళ్ళి రికార్డు చేయి. ముందు ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళు, రిజిస్టరు ఎక్కడికీ పోదు.

శివారు జోజి:
మాస్టారూ, ఈ ఆదివారం నుంచే మొదలుపెడతాను. పాతరిజిస్టరు గారూ, ఒక ప్రశ్న. జ్ఞానస్నానాల పుస్తకం చూడటానికి నాకు విచారణ గురువు గారి నోటిమాట సరిపోతుందా, లేక రాతపూర్వకంగా అడగాలా?

పాతరిజిస్టరు:
రాతపూర్వకంగానే అడగండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆయన బదిలీ అయితే వచ్చేవారికి చూపించాలి. పుస్తకం బయటికి తీసుకుపోవద్దు, పేజీలు ఫోటోలు తీయవద్దు. కార్యాలయంలోనే కూర్చుని జిల్లా, వృత్తి, సంవత్సరం మాత్రం రాసుకోండి. పెన్ను కాదు, పెన్సిల్ తీసుకెళ్ళండి.

రెంటచింతల ఆడపడుచు:
పల్నాడు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తేలగానే ఇక్కడ పెట్టండి. సగం కంటే తక్కువ అయితే నేను నమ్మను.